ఎదుటి జట్టు ప్రతి

మఫ్రఖ్ దగ్గరి క్యాంపు,
20 ఆగస్టు 2021, శుక్రవారం

అక్కా,

వందనాలు. ఎక్కణ్ణుంచి రాస్తున్నానో చెబితే తిడతావు. నీ హాస్పిటల్‌కి పది నిమిషాల దూరంలో ఉన్నాను. మా దుబాయ్ కాలేజీ అమ్మాయిల పరుగు జట్టుకు మఫ్రఖ్ పక్కన ఒక గ్రౌండు తీసుకుని వారం రోజుల క్యాంపు పెట్టారు. బస్సులో వస్తూ మీ హాస్పిటల్ బోర్డు చూసి చెయ్యి ఊపాను. కోచ్ నన్ను వింతగా చూశాడు. జట్టుతో ఉన్నవాళ్లు బయటివాళ్లను కలవకూడదు, అది కరోనా నిబంధన. దాన్ని చక్కటి ఇంగ్లిషులో రాసి గోడకు అంటించింది ఎవరనుకున్నావ్? నీ చెల్లెలే.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఈ ఫోను కాలేజీది. ఇందులో వచ్చేవీ పోయేవీ ఆఫీసు కంప్యూటర్లో కూడా ఉంటాయి. ఆ నిబంధన రాసిందీ నేనే. నా సొంత ఫోను మా సోనీ ఆన్‌లైన్ చదువుకు ఇచ్చేశాను. అందుకే ఖాదర్ హుస్సేన్‌ని పట్టుకున్నాను. మీ హాస్పిటల్ దుప్పట్లు దుబాయ్ అల్ ఖూజ్ లాండ్రీలో ఉతికించి వ్యాన్లో తెచ్చే నెల్లూరాయన, ఎరుగుదువుగా. "యల్లా అక్కా, కానీండి, రాసి ఇయ్యండి. చెక్‌పోస్టులో కరోనా రిపోర్టు లేదని మనుషుల్ని ఆపుతారు గానీ దుప్పట్లని ఎవురాపుతారు?" అన్నాడు.

మొన్న చర్చిలో ఒకావిడ నా పనేంటని అడిగితే చెప్పలేక నీళ్లు నమిలాను. తొమ్మిదేళ్ల కిందట ఇదే కాలేజీలో టైపిస్టుగా చేరాను. మ్యాచ్ స్కోర్లు తప్పుల్లేకుండా కొడుతున్నానని ఆటల విభాగానికి మార్చారు. ఇప్పుడు పిల్లల రికార్డులు, పేపర్లకు వార్తలు, కోచ్‌లు మైకు ముందు ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో, అన్నీ నావే. మా జట్ల మాట ఏదైనా బయటికి పోవాలంటే నా చేతి మీదుగానే పోవాలి. ఇదంతా నాన్న పెట్టిన భిక్ష. ఆయన డ్రిల్లు మాస్టారుగా చేసిన మిషన్ స్కూలు గ్రౌండులో నువ్వు బోర్డు మీద అంకెలు మార్చేదానివి, నేను స్కోరు పుస్తకం రాసేదాన్ని. కార్బన్ పెట్టి రెండు ప్రతులు, ఒకటి మనకు, ఒకటి ఎదుటి జట్టుకు. రబ్బరు ముట్టుకుంటే చెవి మెలేసేవారు. "తప్పు పడితే కొట్టేసి పక్కన రాయి. చెరిపితే మాత్రం నా గ్రౌండులోకి రాకు." ఇప్పటికీ లాగ్ పుస్తకం అలాగే రాస్తున్నాను. రోజూ ప్రాక్టీసు టైము, ఎండ, ఎన్ని రౌండ్లు, ఎవరేమన్నారు. మొదలెట్టే ముందు ఆ రోజు ప్లాను కింద కోచ్ సంతకం. "ఇదెవరు చదువుతారు?" అని నవ్వుతాడు గానీ పెడతాడు.

లెటర్ ప్యాడ్ తెచ్చుకోలేదు. నిన్నటి లాగ్ కార్బన్ ప్రతి చించి దాని వెనక రాస్తున్నాను. అవతలి వైపు నీలం రాతలు పట్టించుకోకు. ప్రాక్టీసుకు ఎదుటి జట్టు ఎవరూ ఉండరు కదా, ఆ ప్రతి ఎవరికీ అక్కర్లేదు.

నాలుగవుతోంది. నలభై నాలుగు డిగ్రీలు. ఎండకు అలవాటు పడాలంటాడు కోచ్. వెళ్లాలి, మిగతాది రేపు.

శనివారం, సత్వా, దుబాయ్

అక్కా, నిన్న అల్మాస్ పడిపోయింది.

నీకు తెలియదు కదూ. కడప వాళ్ల పిల్ల. ఇక్కడ మా వీధిలోనే వాళ్లమ్మ రజియా బేగం టైలర్ షాపు. సోనీ యూనిఫాం కుట్టేది ఆవిడే. పదిహేను వందల మీటర్లలో మా జట్టుకు ఆ పిల్లే దిక్కు. నిన్న పన్నెండు రౌండ్లు, చివరిదాకా నీళ్లు లేవని ప్లాను. నాలుగున్నరకు నా బల్ల దగ్గరికి వచ్చి నీళ్ల పెట్టె తాళం అడిగింది. కోచ్‌ని అడుగమ్మా అన్నాను. తర్వాత ఆయన్ని రెండుసార్లు అడిగింది, కాసేపు కూర్చుంటానని. "కూర్చుంటే జట్టులోంచి లేచినట్టే" అన్నాడు. ఐదుకు రెండు నిమిషాలుందనగా పడిపోయింది. ఒళ్లు ముట్టుకుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. అంబులెన్సు కదలగానే మమ్మల్నందర్నీ బస్సెక్కించి దుబాయ్ తెచ్చేశారు. మీ హాస్పిటల్‌కే తీసుకెళ్లారని విన్నాను. నువ్వు డ్యూటీలో ఉన్నావా?

చేతికి దొరికిన కాగితం మీద రాస్తున్నాను, ఇది నిన్నటి లాగ్ ప్రతి. ఆ పిల్ల కోసం ప్రార్థన చెయ్యి.

నీ చెల్లి,
షర్మిల


మఫ్రఖ్,
27 ఆగస్టు 2021

షర్మీ,

ఉత్తరం మంగళవారం అందింది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి నిలబడే చదివాను, కూర్చుంటే నిద్రపోతానని.

మా వార్డు సంగతి నేను రాయకూడదు, నువ్వు అడగకూడదు. నా లైసెన్సు పోతుంది. మీ క్యాంపు రోజు నేను ఎమర్జెన్సీలో ఉన్నాను, ఆ సాయంత్రం చాలా ఐసు వాడాం, అంతే. ఇంతకు మించి నా నోట రాదు.

ఒకటి మాత్రం చెబుతాను. అది నీ సంగతి కాబట్టి చెప్పొచ్చు. చూసింది చూసినట్టు రాసి పెట్టుకో. నీ లాగ్ పుస్తకం భద్రంగా ఉంచుకో, ఎవరి చేతికీ ఇవ్వకు. ఇలాంటి వాటిల్లో ముందు పోయేవి కాగితాలు. ఈ హాస్పిటల్లో, ఆ హాస్పిటల్లో, పదిహేనేళ్లు చూశాను.

మరిదిగారికి పనేమైనా దొరికిందా? హోటళ్లు తెరుస్తున్నారని ఇక్కడ అనుకుంటున్నారు. మేం మాత్రం క్వార్టర్స్ నుంచి వార్డుకు, వార్డు నుంచి క్వార్టర్స్‌కు. మధ్యలో ఉన్న నలభై అడుగుల రోడ్డే మాకు విహారయాత్ర. ఖాదర్ హుస్సేన్ చేత గోంగూర పచ్చడి పంపుతున్నాను, కాస్త ఉప్పెక్కువైంది, సణక్కుండా తినండి.

అక్క,
పరిమళ


సత్వా,
10 సెప్టెంబరు 2021

అక్కా,

పచ్చడి అందింది, ఉప్పు ఎక్కువే. సణుగుతున్నాను.

ఇక అసలు సంగతి. సోమవారం ముదీర్ గదిలో మీటింగు. ముదీర్ అంటే మా డైరెక్టర్, కాలేజీలో అందరూ అలాగే అంటారు. ఆయన, కోచ్, వకీలు, నేను. నా ముందు రెండు వాక్యాలున్న కాగితం పెట్టారు. అల్మాస్‌కు ముందునుంచీ జబ్బుందనీ, ఆరోగ్య పత్రంలో దాన్ని దాచిందనీ. దీన్ని పద్ధతిగా రాసి పేపర్లకు పంపమన్నారు. రుజువేమైనా ఉందా అని అడిగాను. "షర్మిలా, రుజువులు చూడ్డం వకీలు గారి పని. నీ పని వాక్యం" అన్నాడు ముదీర్. గట్టిగా కూడా అనలేదు, టీ తాగుతూ అన్నాడు.

రాశాను. వాక్యం బాగానే కుదిరింది, అదే నా ఏడుపు. కింద నా పేరు, నా ఫోన్ నంబరు. లాగ్ పుస్తకం కూడా అడిగారు, ఆఫీసులో భద్రంగా ఉంటుందని. నువ్వు వద్దన్నావని గుర్తుంది. ముగ్గురు నా చెయ్యి వైపే చూస్తుంటే సంచీలోంచి తీసి ఇచ్చేశాను.

నన్ను తిట్టే ముందు ఇది విను. మీ మరిది జోషువా పనిచేసే హోటల్ మూతపడి ఏడాది దాటింది. అతని వీసా నా వీసా మీద ఉంది. సోనీ వీసా నా మీద ఉంది. ఈ ఇంటి కాగితం నా పేరున ఉంది. నా ఉద్యోగం ఒక్కటి పోతే నెల తిరక్కుండా ముగ్గురం సామాను కట్టాలి. ఒక్కదాన్నే అయితే ఆ కాగితం బల్ల మీదే వదిలేసి వచ్చేదాన్ననుకుంటున్నాను. ఏమో, అప్పుడూ రాసేదాన్నేమో.

అక్కా, ఒక్క సాయం చెయ్యి, జోషువా ముందు ఫోన్లో అడగలేను. ఆ పిల్లకు నిజంగా ముందే జబ్బుందా? నువ్వు చెప్పకూడదని తెలుసు. నీ లైసెన్సుకు ఏమీ కాకుండా ఒక దారి ఆలోచించాను. జబ్బు లేకపోతే నీ జవాబులో ఆ పిల్ల పేరు ఒక్కసారి రాయి, ఊరికే, ఎలా ఉందో అని. నీ జవాబులో ఆమె ఊసే లేకపోతే జబ్బు ఉన్నట్టే అర్థం చేసుకుంటాను. అప్పుడు కాస్త నిద్ర పడుతుంది.

షర్మిల


మఫ్రఖ్,
11 సెప్టెంబరు 2021

షర్మీ,

ఖాదర్ హుస్సేన్ గేటు దగ్గర ఉన్నాడట, గబగబా రాస్తున్నాను. సోనీకి జలుబని పోయినసారి జోషువా ఫోన్లో చెప్పాడు, తగ్గిందా? ఆవిరి పట్టు. చల్లటి నీళ్లు ఇవ్వకు. పిల్ల పుట్టినరోజుకు నువ్వుండలు పంపుతున్నాను, అన్నీ నువ్వే తినేయకు.

నాకు మళ్లీ ఐసియు వేశారు. నాన్న విజిల్ నా పెట్టెలో ఉంది, అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. వార్డులో ఊదాలనిపిస్తుంది. అందరూ ఒక్కసారి ఆగుతారు కదా, కనీసం.

ఎక్కువ ఆలోచించకు. నువ్వు నీ పిల్ల సంగతి చూసుకో.

అక్క,
పరిమళ


సత్వా,
1 అక్టోబరు 2021

అక్కా,

నీ జవాబు అర్థమైంది. నీ పద్ధతిలో నువ్వు చెప్పావు. 'నువ్వు నీ పిల్ల సంగతి చూసుకో' అన్న మాట చదివి నిజంగా గుండె మీంచి బండ దింపినట్టయింది. మూడు వారాలుగా అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను.

ఇంకో సంగతి. నన్ను అథ్లెటిక్స్ కమ్యూనికేషన్స్ హెడ్‌ను చేశారు. అద్దాల గది, తలుపు మీద పేరు. నాన్న ఉంటే తలుపు కాదు, అద్దం తుడిచిందెవరని అడిగేవారు. అల్మాస్‌ను కాలేజీ నుంచి తీసేశారు, తప్పుడు ఆరోగ్య పత్రం ఇచ్చినందుకు. ఇంకెక్కడా చేర్చుకోవడం లేదట. బాధగానే ఉంది. కానీ దాచడం తప్పే కదా.

మొన్న సోనీ యూనిఫాం తెచ్చుకోవడానికి రజియా బేగం షాపుకు వెళ్లాను. ఆవిడ కుట్టు మిషన్ ఆపి అడిగింది. "ఏం మేడమ్, మా పాపకి చిన్నప్పట్నుంచి పడిశెం గూడా సరిగ్గా రాల్యా. ఏందో జబ్బుందని పేపర్లో ఏసినారే, యా జబ్బు మేడమ్ అది?" పిల్లలు అమ్మల దగ్గర కూడా దాస్తారండీ అన్నాను. ఆవిడ యూనిఫాం మడతపెట్టి చేతికిచ్చింది. ఇంటికొచ్చి చూశాను, బొత్తాలు ఎప్పటిలాగే గట్టిగా కుట్టింది.

రోడ్డు తెరిచారు కదా, ఇప్పుడు చెక్‌పోస్టులో కరోనా పరీక్ష రిపోర్టు అడగడం లేదట. వచ్చే శుక్రవారం రా అక్కా. సోనీ పెద్దమ్మ ఎప్పుడొస్తుందని ప్రాణం తీస్తోంది.

నీ చెల్లి, తలుపు మీద పేరున్న మనిషి,
షర్మిల


మఫ్రఖ్,
9 అక్టోబరు 2021

షర్మిలా,

నీ ఉత్తరాలు రెండూ నిన్న ఒకేసారి నా చేతికొచ్చాయి. రెండూ. సెప్టెంబరు పదిన రాసింది, ఈ నెల ఒకటిన రాసింది.

ఖాదర్ హుస్సేన్ ఆ రోజు గేటు దగ్గర నా కవరు తీసుకున్నాడు. నీ కవరు ఇవ్వడం మర్చిపోయాడు, అప్పటికే ఒళ్లు కాలుతున్న మనిషి. నా కవరు జోషువాకిచ్చి పరీక్షకు వెళ్తే పాజిటివ్. పద్నాలుగు రోజులు అతను గదిలో, నీ ఉత్తరం తాళం వేసిన వ్యాన్లో. నిన్న చేతులు జోడించి, "మాఫ్ చెయ్యక్కా, సీటు కింద పడిపోయుండాది" అన్నాడు. అతన్నేమంటాను?

నేను నీకు జవాబు చెప్పలేదు. నాకు నీ ప్రశ్నే రాలేదు. నేను రాసింది సోనీ జలుబు గురించి. దాంట్లోంచి నువ్వు నీకు కావలసింది తీసుకున్నావు. ఆ పిల్ల గురించి నేను అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. కానీ నా మౌనాన్ని తీసుకెళ్లి ఒక తల్లి మొహాన కొట్టావు చూడు, అది నేను మర్చిపోలేను.

పుస్తకం ఇవ్వొద్దన్నాను, ఇచ్చావు. నెల తిరగ్గానే అద్దాల గది వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం లేదని అంటావు, నమ్మాలనే ఉంది. నాన్న అయితే నీ చెవి మెలేసేవారు కాదు. నీ చేతిలోంచి పెన్సిలు తీసుకునేవారు.

రోడ్డు తెరిచారు, తెలుసు. రాను.

పరిమళ


సత్వా,
22 జనవరి 2022

అక్కా,

మూడు నెలలు ఆలోచించాను నీకు రాయాలా వద్దా అని.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ముదీర్ దగ్గరికి వెళ్లి నా లాగ్ పుస్తకం అడిగాను. ఆఫీసు సామాను మార్చినప్పుడు పోయిందట. ఆయన నిజంగా బాధపడుతున్నట్టే చెప్పాడు. ఆ మొహం మైకు ముందు ఎలా పెట్టాలో నేర్పింది నేనే. రాజీనామా చేస్తానన్నాను. "ఎందుకు? నీ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది. ఇంట్లో వాళ్లతో మాట్లాడి చెప్పు, వీసాల సంగతి కూడా ఆలోచించుకో" అన్నాడు. బెదిరించలేదు. ఎవరూ ఎప్పుడూ బెదిరించరు ఇక్కడ. ఇంటికొచ్చేసరికి సోనీ లెక్కల హోంవర్కు చేసుకుంటోంది. జోషువాకు ఒక డెలివరీ కంపెనీలో పని దొరికింది గానీ వీసా ఇచ్చేది లేదన్నారు. రాజీనామా కాగితం సంచీలోనే ఉండిపోయింది.

నువ్వు నన్ను తేలిగ్గా తిట్టగలవు. నోరు మూసుకోవడమే నీ ఉద్యోగ ధర్మం, అది నీకు గౌరవం కూడా. నేను నోరు తెరిస్తేనే నాకు ఉద్యోగం, అదీ వాళ్లు చెప్పిన మాటకే తెరవాలి. ఎవరి పని నయమో నువ్వే చెప్పు. నువ్వు ఒక్క మాట అంటే ఆ పిల్ల బయటపడేది. నీ లైసెన్సు నీకు ముఖ్యం. నా వీసా నాకు ముఖ్యమైతే మాత్రం నాన్న పెన్సిలు లాక్కుంటారా?

ఇప్పుడు రజియా బేగం షాపు ముందు నుంచి నడవడం మానేశాను. చుట్టూ తిరిగి వస్తాను, ఎనిమిది నిమిషాలు ఎక్కువ పడుతుంది. అల్మాస్ అక్కడే కూర్చుని బొత్తాలు కుడుతుంటుందట, సోనీ చెప్పింది. కాలేజీ వాళ్లు నన్ను వచ్చే ఏడాది కమ్యూనికేషన్స్ డైరెక్టర్‌ను చేస్తారట. అప్పుడు తలుపు మీద పేరు ఇంకాస్త పెద్దది పెడతారు, తలుపు మాత్రం బయటి వైపుకు తెరుచుకోదు.

ఇక రాయకపోతే రాయకు.

షర్మిల


మఫ్రఖ్,
5 మార్చి 2023

షర్మీ,

ఏడాది దాటింది. రోడ్డు తెరిచే ఉంది. మధ్యలో చెక్‌పోస్టు లేదు, నువ్వూ నేనే ఉన్నాం.

కమ్యూనికేషన్స్ డైరెక్టర్ అయ్యావని జోషువా ఫోన్లో చెప్పాడు. దానికోసం రాయడం లేదు. మా క్వార్టర్స్ మారుస్తున్నారు, పెట్టె సర్దుతుంటే నాన్న విజిల్ డబ్బాలో నీ పాత ఉత్తరాలు కనిపించాయి. క్యాంపు నుంచి రాసింది తీశాను. అది వచ్చినప్పుడు నాలుగుసార్లు చదివాను, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పలేదు. నీలం రాతలు పట్టించుకోకు అన్నావు కదా, పట్టించుకోలేదు. చిన్నప్పుడు చెప్పిన మాట ఒక్కటీ వినలేదు గానీ ఇది మాత్రం విన్నాను, నా బుద్ధి తగలెయ్య.

నిన్న తిప్పాను, శనివారం రాసిన రెండో కాగితం. ఇరవై ఆగస్టు. నలభై నాలుగు డిగ్రీలు. పన్నెండు రౌండ్లు. నీళ్లు చివర్లో. దాని కింద కోచ్ సంతకం. ఆ కింద నీ చేతిరాత: 4:35 అల్మాస్ కూర్చుంటానంది, కోచ్ వద్దన్నారు. 4:50 మళ్లీ అడిగింది, వద్దన్నారు. 4:58 పడిపోయింది.

నీ ప్రతి పోయింది షర్మీ. ఎదుటి జట్టు ప్రతి నా దగ్గరుంది. ఏడాదిన్నరగా నేను దాని మీద విజిల్ పెట్టి దాచాను.

ఆ పిల్ల గురించి నేను చెప్పకూడనిది ఇప్పటికీ చెప్పను. కానీ ఈ కాగితం హాస్పిటల్‌ది కాదు. దీన్ని నేనే తీసుకెళ్లి రజియా బేగం చేతిలో పెట్టొచ్చు. పొద్దున బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. రాత నీది, ఇల్లు నీది, సోనీ నీ పిల్ల. దూరంగా కూర్చుని నీ తరఫున ధైర్యం చెయ్యడం నాకు తగదు. పోయినేడాది జనవరిలో నువ్వు రాసిన మాటల్లో సగం నిజం, అది ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నా మౌనం నాకు గౌరవం తెచ్చింది, ఆ పిల్లకు ఏం తెచ్చింది?

కాగితం ఇందులో పెడుతున్నాను. ఫోటో తియ్యలేదు. చించేస్తే చించేయి, నేను అడగను. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే మాత్రం, ఇచ్చే ముందు రెండు వైపులా చదువు.

అక్క,
పరిమళ


సత్వా,
27 మార్చి 2023

అక్కా,

వందనాలు.

రెండు వైపులా చదివాను. నువ్వు ఎందుకలా అన్నావో అప్పుడు తెలిసింది. నీలం వైపు కోచ్ ఉన్నాడు. ఉత్తరం వైపు నేనున్నాను. 'నాలుగున్నరకు నా బల్ల దగ్గరికి వచ్చి నీళ్ల పెట్టె తాళం అడిగింది. కోచ్‌ని అడుగమ్మా అన్నాను.' తాళం నా మెడలో ట్యాగుతో పాటు వేలాడుతోంది అక్కా. ఆ మాట నీకు రాశాను, లాగ్‌లో రాయలేదు. ఐదు నిమిషాలకోసారి చూసినదంతా రాసిన మనిషిని, 4:30 మాత్రం రాయలేదు. వాళ్లు నా పుస్తకం పోగొట్టక ముందే నేను ఒక వరుస పోగొట్టాను. ఏడాదిన్నర ముదీర్‌ని తిట్టుకుంటూ దాన్ని మర్చిపోయాను, నిజంగానే మర్చిపోయాను.

రెండు వారాలు ఆ కాగితం టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని తిరిగాను. శనివారం మధ్యాహ్నం మా వీధి చివర టైపింగ్ సెంటర్‌కు వెళ్లి జిరాక్సు తియ్యమన్నాను. అక్కడి పిల్లవాడు కాగితం ఇటూ అటూ తిప్పి, "ఒక వైపా మేడమ్, రెండు వైపులా?" అన్నాడు.

అక్కా, నీ మీద ఒట్టు, ఒక వైపు అనబోయాను. నీలం వైపు ఒక్కటీ చాలు ఆ పిల్ల పేరు బాగుపడటానికి. మాట నాలుక మీదికొచ్చింది. వెనక లైన్లో ఉన్నాయన దగ్గాడు. "రెండు వైపులా" అన్నాను.

ఇంటికెళ్లి జోషువాకు చూపించాను. వీసాలు, సోనీ బడి, ఇల్లు, అన్నీ మళ్లీ చెప్పాను, అతనికి తెలియనట్టు. అంతా విని, "ఏడాదిన్నర నుంచి ఇంట్లో కూడా ప్రెస్ నోటులాగే మాట్లాడుతున్నావు షర్మీ. మామూలుగా మాట్లాడి ఎన్నాళ్లయిందో" అన్నాడు. తర్వాత కాగితం మడిచి తిరిగి నా సంచీలో పెట్టాడు. అదే ఒప్పుకోలు.

నిన్న ఆ ఎనిమిది నిమిషాల చుట్టు తిరక్కుండా తిన్నగా నడిచి షాపుకు వెళ్లాను. రంజాన్ నెల, పండగ బట్టలు కప్పు దాకా ఉన్నాయి. రజియా బేగం ఉపవాసంలో ఉంది. అల్మాస్ లేదు. అంటే, ఉంది, ఉపవాసం లేదు. పక్కన నీళ్ల సీసా పెట్టుకుని గంటకోసారి తాగుతోంది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి కాబట్టి ఉపవాసం ఉండొద్దన్నారట డాక్టర్లు. ఇది నువ్వు చెప్పింది కాదు, వాళ్లే చెప్పారు, నీ లైసెన్సు క్షేమం.

అసలు కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. నీలం వైపు అల్మాస్ చదువుకుంది, అంకెలూ సంతకమూ కదా. ఉత్తరం వైపు ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. తల్లి చదివింది, పైకి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ. 'కోచ్‌ని అడుగమ్మా అన్నాను' దగ్గర ఆగింది. నేను నిలబడే ఉన్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను.

"తాళం మీ చేతిలోనే ఉండ్యా?" అని అడిగింది.

ఉందండీ అన్నాను.

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టింది. అల్మాస్ తల ఎత్తి, "నాకు గుర్తుంది మేడమ్. మీరు మర్చిపోయారనుకున్నా" అంది. అంతే అంది. పెన్ను అడిగి తీసుకుని నీలం వైపు కింద రాశాను: '4:30, అల్మాస్ నీళ్లు అడిగింది. తాళం నా దగ్గర ఉంది. ఇవ్వలేదు.' పక్కన నిన్నటి తేదీ, నా సంతకం. నాన్న చెప్పినట్టే, ఏదీ చెరపలేదు. ఎదుటి జట్టు సంతకం కావాలని అల్మాస్ ముందు పెట్టాను. పెట్టింది.

పేపర్లకు సవరణ పంపుతానని, నీ గురించి ఏం రాయమంటావని ఆ పిల్లను అడిగాను. కొంచెం ఆలోచించి, "రన్నర్ అని రాయండి. మాజీ అని మాత్రం రాయొద్దు" అంది.

బయటికి వస్తుంటే నాకు కళ్లు తిరిగినట్టయి గుమ్మం పట్టుకున్నాను. రజియా బేగం, పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగని మనిషి, లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. వద్దండీ, మీరు ఉపవాసంలో ఉన్నారు అన్నాను. "ఎండలో వచ్చినారు, తాగండి" అంది. ఎవర్నీ అడగమనలేదు అక్కా. గ్లాసు నా చేతిలో పెట్టి నిలబడింది. తాగాను. జీవితంలో అంత కష్టంగా నీళ్లు తాగలేదు.

ఇవాళ పొద్దున పదింటికి సవరణ పంపాను. అప్పుడు ఆ వార్త పంపిన పేపర్లన్నిటికీ, అదే వరుసలో. ఎవర్నీ నిందించలేదు, ఇక్కడ మాట జారితే కేసవుతుందని నాకంటే ఎవరికి తెలుసు. నేను చూసింది, నేను రాసింది, నేను చెయ్యంది, అంతే. మూడు పేరాలు. నా ఉద్యోగంలో మొదటిసారి ముదీర్‌కు చూపించకుండా పంపిన మూడు పేరాలు. పదీ నలభైకి కాలేజీ ఫోను దానంతటదే ఆగిపోయింది. పదకొండింటికి తలుపు మీద పేరు ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది, నేనింకా లోపలే ఉన్నాను.

ఇప్పుడేం జరుగుతుందో తెలియదు. ముప్పై రోజుల్లో దేశం వదలాలని ఒకరంటారు. కేసు పెడితే అది తేలేదాకా వదలనివ్వరని ఇంకొకరంటారు. సామాను కట్టాలో విప్పాలో తెలియక జోషువా సూట్‌కేసు మంచం మీద తెరిచి పెట్టి కూర్చున్నాడు. సోనీ దాంట్లో తన రంగు పెన్సిళ్లు పెట్టింది. భయంగా ఉంది అక్కా, దాచను.

ఈ ఉత్తరం ఖాదర్ హుస్సేన్‌కు ఇవ్వడం లేదు. పాపం, పాత తప్పు దిద్దుకుంటానని వ్యాను ఆపి మరీ అడిగాడు. వద్దన్నాను. రేపు పొద్దున్నే సోనీని తీసుకుని బస్సెక్కి నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నువ్వు చదువుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుంటాను. చదవడం అయ్యాక నాన్న విజిల్ బయటికి తియ్యి, సోనీ ఊదుతుందట.

నీ చెల్లి,
షర్మిల